బాణాన్ని పట్టుకోవాలి, పట్టి ఉంచకూడదు: వేట విల్లుకు ఏ రెస్ట్?

విల్లు ఎక్కుపెట్టాక బాణాన్ని తాకేవి రెండే. వెనక అల్లెతాడు, ముందు విల్లు మీద బాణం ఆనే చిన్న పరికరం, రెస్ట్. తాడు తోస్తుంది, రెస్ట్ మోస్తుంది. ఈ రెండింటిలో ఏది తేడా చేసినా వెయ్యి డాలర్లు పోసి కొన్న విల్లు, నెలల తరబడి చేసిన సాధన, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెట్టెక్కి కూర్చున్న ఓపిక, అన్నీ బూడిదలో పోసిన పన్నీరే. అయినా విల్లు కొనేటప్పుడు అందరికీ చివర్లో గుర్తొచ్చేది రెస్టే. గురి చూసే సైటు గురించి గంట మాట్లాడి, రెస్ట్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి వేసివ్వండి" అంటాం. నేనూ అలాగే అన్నాను. ఆ మాటకి మొదటి సీజన్‌లోనే మూల్యం చెల్లించాను.

ముందే ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. నేను చెప్పేదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్ నియమాలు పాటిస్తూ, చివర్లలో కప్పీలుండే కాంపౌండ్ విల్లుతో చేసే జింకల వేట గురించే. నేనుండేది విస్కాన్సిన్‌లో. విల్లుతో జింకల వేటకు ఆధునిక కాలంలో ప్రత్యేకంగా సీజన్ పెట్టిన మొదటి రాష్ట్రం ఇదే, 1934లో. ఇక్కడ సీజన్ సెప్టెంబరు మధ్యలో చెమటలు పట్టే ఎండతో మొదలై, జనవరిలో వేళ్లు కొంకర్లు పోయే చలి దాకా సాగుతుంది. అన్నిటికీ అదే విల్లు, అదే రెస్ట్. ఏది కొనాలన్న ప్రశ్న ఇక్కడ ఇంత బరువెక్కడానికి అదొక కారణం.

నా మొదటి నవంబరులో ఏం జరిగిందో చెప్తాను. అప్పటికి నా విల్లుకి ఉన్నది గురి పోటీల్లో వాడే రేకు రెస్ట్. పల్చటి స్ప్రింగ్ స్టీలు పట్టీ, చివర చిన్న గాడి, ఆ గాడిలో బాణం ఊరికే ఆని ఉంటుంది. సాధన చేసే రేంజిలో అది బ్రహ్మాండం. ఎందుకంటే అక్కడ నేల చదునుగా ఉంటుంది, నిటారుగా నిలబడతాం, చేతులు వణకవు. ఆ పొద్దున మాత్రం నేను ఇరవై అడుగుల ఎత్తులో ట్రీ స్టాండ్ మీద, మూడు పొరల చలికోటుల్లో, నడుము వంచి కిందికి గురి పెడుతున్నాను. జింక పద్దెనిమిది గజాల దూరంలో ఆకులు మేస్తోంది. తాడు సగం లాగానో లేదో చెయ్యి సన్నగా వణికింది. బాణం గాడిలోంచి జారి రైజర్ మీద, అంటే విల్లు నడిమి గట్టి భాగం మీద పడింది. "టిక్" అని ఒక్క చప్పుడు. గాజు గ్లాసుని గోరుతో మీటితే వచ్చేంత. జింక తల ఎత్తింది, నావైపే చూసింది, రెండు గెంతుల్లో లేదు.

జింక తప్పిపోయినందుకు నాకు బాధ లేదు. బాణం ఇంకో అర సెకను ఆగి, నేను తాడు వదిలే క్షణంలో జారి ఉంటే? అది ఏ తొడకో, ఏ దవడకో తగిలి, ఆ ప్రాణి రోజుల తరబడి నరకం అనుభవించేది. ఆ ఆలోచనే నన్ను రెస్ట్ గురించి చదివించింది, విప్పి చూసేలా చేసింది.

చిక్కుముడి ఎక్కడుందంటే, వేటగాడు రెస్ట్‌ని రెండు పనులు అడుగుతాడు. మొదటిది, తాడు వదిలేదాకా బాణాన్ని ఎటు వంచినా, ఎంత వణికినా జారనివ్వకూడదు. రెండోది, తాడు వదిలాక బాణం వెనకున్న ఈకలు తనకి తగలకుండా పక్కకి తప్పుకోవాలి. గట్టిగా పట్టుకునేది తొందరగా తప్పుకోదు, తొందరగా తప్పుకునేది గట్టిగా పట్టుకోదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుంటుంది. బజారులో ఉన్న రెస్టులన్నీ ఈ రెంటి మధ్య ఏదో ఒక రాజీ. ఏ రాజీ మీ వేటకి నప్పుతుందో తేల్చుకోవడమే అసలు ఎంపిక.

అది తేల్చుకోవడానికి బాణం విల్లులోంచి ఎలా బయటపడుతుందో కొంచెం తెలియాలి. బాణం కర్రలా బిర్రుగా వెళ్లదు, వంగుతూ లేస్తూ వెళ్తుంది. ఎటు వంగుతుందనేది తాడుని ఎలా వదిలామన్న దాన్ని బట్టి ఉంటుంది. విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ పట్టేది రికర్వ్ విల్లు. అందులో తాడుని వేళ్లతో వదులుతారు. తాడు వేళ్ల చివర్లని చుట్టుకుని జారుతుంది కాబట్టి కాస్త పక్కకి కదులుతుంది, దాంతో బాణం కుడి ఎడమలకి వంగుతుంది. అందుకే ఆ విల్లుకి సన్నటి తీగ లాంటి రెస్టూ, పక్కన స్ప్రింగు పెట్టిన చిన్న బటనూ ఉంటాయి. ఆ బటన్‌ని విక్ బర్గర్ అనే విలుకాడి పేరు మీద బర్గర్ బటన్ అంటారు. అది బిగించే రంధ్రం పేరే కాంపౌండ్ విల్లులకీ వచ్చింది, ఇప్పటికీ దాన్ని బర్గర్ హోల్ అంటారు.

అదే విజయవాడ నుంచి వచ్చిన వెన్నం జ్యోతి సురేఖ చేతిలో ఉండేది కాంపౌండ్ విల్లు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిపెట్టింది అలాంటి విల్లే. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ ఆలెన్ 1960లలో కనిపెట్టి, 1969లో పేటెంట్ పొందిన రకం అది. దాన్ని వేళ్లతో కాకుండా రిలీజ్ అనే చిన్న కొక్కెంతో లాగి వదులుతారు. తాడు పక్కకి జరగదు, నేరుగా ముందుకొస్తుంది. బాణం వంగితే ఎక్కువగా పైకీ కిందికీ వంగుతుంది. కాబట్టి ఇక్కడ పక్క నుంచి తోసే బటన్ అక్కర్లేదు, కింద నుంచి మోసి తప్పుకునేది కావాలి. వేట విల్లుల్లో నేడు ఎక్కువ భాగం కాంపౌండ్‌లే, వాటిని లాగేదీ ఎక్కువగా రిలీజ్‌తోనే. మీరు రిలీజ్ వాడుతుంటే వేళ్ల కోసం చేసిన రెస్టుల జోలికి పోనక్కర్లేదు. మీరు చెక్క విల్లుతో, పక్షి ఈకల బాణాలతో వేటాడే రకమైతే అసలు రెస్టే అక్కర్లేకపోవచ్చు. విల్లు మీద బాణం ఆనే గూటికి చిన్న తోలుముక్క అతికిస్తే చాలు, ఎందుకంటే నిజమైన ఈక దేనికి తగిలినా అణిగి దాటిపోతుంది. ఈక బదులు అతికించే ప్లాస్టిక్ రెక్క, అంటే వేన్, అలా అణగదు. అసలు గొడవంతా దానివల్లే వచ్చింది.

రిలీజ్‌తో కాంపౌండ్ విల్లు వాడే వేటగాడి ముందు నిజంగా ఉన్న దారులు రెండు. బాణాన్ని చుట్టూ పట్టుకునేది ఒకటి, కిందికి పడిపోయేది ఒకటి.

చుట్టూ పట్టుకునే వాటిలో పేరున్నది విస్కర్ బిస్కెట్. చిన్న గాజు సైజు చక్రం, దాని లోపల అంచు నుంచి మధ్యకి నిండా గట్టి కుచ్చులు, నడిమధ్యలో బాణం పట్టేంత కన్నం. కదిలే భాగం ఒక్కటీ లేదు. విల్లుని తలకిందులు చేసినా బాణం పడదు. పొదలో దూరండి, నేల మీద పాకండి, చెట్టు మీద వెనక్కి తిరిగి వంగండి, బాణం అక్కడే ఉంటుంది. నలభై యాభై డాలర్లకి దొరుకుతుంది. బిగించడం పదిహేను నిమిషాల పని. ఆ పొద్దున నా విల్లుకి ఇది ఉండి ఉంటే టిక్ అన్న శబ్దమే ఉండేది కాదు.

దీని లోటు కంటికి కనిపించేదే. వెనకున్న మూడు వేన్లూ ఆ కుచ్చుల్ని చీల్చుకుంటూ పోవాలి. అడుగుల్లో కొలిస్తే వేగం కొద్దిగా తగ్గుతుంది, దాన్ని నేను పట్టించుకోను. వేన్లు మాత్రం అరుగుతాయి, ముడతలు పడతాయి. వెచ్చటి గ్యారేజీలో రెండు నెలలు సాధన చేశాక నా బాణాల వేన్లు పాత పుస్తకం అంచుల్లా అయ్యాయి. కుచ్చులు కూడా అరిగి, అడుగున పల్లం పడుతుంది. బాణం అందులో కొద్దిగా కిందికి కూర్చుంటుంది, గురి కిందికి జారుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు కాబట్టి మనం సైటుని అనుమానిస్తాం. ఏటా సీజన్ ముందు ఆ కన్నాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడాలి. గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే మార్చేయాలి. ఇంకొకటి, చలి. మంచు వాన తడిపాక ఉష్ణోగ్రత పడిపోతే కుచ్చులన్నీ కలిసి గడ్డకట్టి ఒక్క పలకలా తయారవుతాయి. డిసెంబరులో వేటాడేవాళ్లు ఈ సంగతి మర్చిపోకూడదు.

ఇక పడిపోయేది, డ్రాప్ అవే. ఇందులో బాణం చిన్న పంగ మీద ఆని ఉంటుంది. దాన్ని లాంచర్ అంటారు. తాడు లాగుతుంటే లాంచర్ లేచి నిలబడుతుంది, తాడు వదలగానే కిందికి పడుకుంటుంది, ఈకలు ఖాళీ గాలిలోంచి దాటిపోతాయి. వినడానికి సులువుగానే ఉంది కానీ దీనికున్న సమయం ఎంతో ఒకసారి లెక్కేసి చూడండి. తాడు వెనక్కి వచ్చే దూరం సుమారు ఇరవై అంగుళాలు, అంటే అర మీటరు. బాణం చివరికి సెకనుకి 280 అడుగుల వేగం అందుకుంటుందనుకుంటే, అంటే 85 మీటర్లు, సగటు వేగం దాదాపు అందులో సగం. అర మీటరు దాటడానికి సెకనులో వెయ్యో వంతులు పన్నెండు. అంతే. తాడుని వీడాక వేన్ల ముందు అంచు రెస్ట్ దగ్గరికి రావడానికి ఇంకో వెయ్యో వంతు కూడా పట్టదు. ఆ పన్నెండు మిల్లీసెకన్లలో ఏ వస్తువైనా తన బరువుతో తాను పడితే ముప్పావు మిల్లీమీటరు కూడా పడదు. లాంచర్ అర అంగుళమైనా దిగాలి. కాబట్టి "పడిపోయే" రెస్ట్ అనేది నిజానికి పడదు, దాన్ని ఎవరో ఒకరు బలంగా కిందికి లాగాలి. ఎవరు లాగుతారన్న దగ్గరే ఈ రెస్టులు రెండు జాతులుగా చీలతాయి.

మొదటి జాతిలో రెస్ట్ నుంచి ఒక సన్నటి దారం కేబుల్‌కి, అంటే అల్లెతాడు కాక కప్పీల మధ్య ఉండే తాడుకి కడతారు. తాడు లాగినప్పుడు కిందికి దిగే కేబుల్ అది. అది దిగుతూ దారాన్ని బిగించి లాంచర్‌ని లేపుతుంది. బాణం వదిలితే కేబుల్ పైకి పోతుంది, దారం వదులవుతుంది, లోపలి స్ప్రింగ్ లాంచర్‌ని కిందికి విసురుతుంది. క్యూఏడీ వాళ్ల అల్ట్రారెస్ట్ ఈ జాతిలో బాగా వాడుకలో ఉన్నది. దాన్ని బొటనవేలితో పైకి నొక్కితే అక్కడే లాక్ అయి, పై పట్టీతో కలిసి బాణాన్ని చుట్టూ బంధిస్తుంది. తాడు సగం లాగి, జింక అటు తిరిగిందని మెల్లగా తిరిగి వదిలేస్తే లాంచర్ పైనే ఉండిపోతుంది. చెట్టు మీద ఇది చిన్న సుఖం కాదు.

రెండో జాతిలో దారం కేబుల్‌కి కాక విల్లు రెక్కకి, అంటే లింబ్‌కి కడతారు. హామ్‌స్కీ, వేపర్ ట్రయల్ రెస్టులు ఈ కోవలోవి. ఇక్కడ పని తలకిందులు. విల్లు మామూలుగా ఉన్నప్పుడు దారం బిగిసి ఉండి లాంచర్‌ని కిందికి పట్టి ఉంచుతుంది. తాడు లాగితే లింబ్ వంగుతుంది, దారం వదులవుతుంది, స్ప్రింగ్ లాంచర్‌ని లేపుతుంది. బాణం వదిలాక లింబ్ చాచుకుంటూ దాన్ని కిందికి ఈడ్చేస్తుంది. లింబ్ పూర్తిగా చాచుకునేది బాణం ప్రయాణం చివర్లో. అందుకని ఈ రకం బాణాన్ని ఎక్కువ దూరం మోసి, సరిగ్గా అవసరమైనప్పుడు తప్పుకుంటుంది. చెయ్యి కాస్త వణికినా క్షమిస్తుందని దీనికి పేరు రావడానికి కారణం అదే.

ఈ రెండింటి మధ్య నేను చూసే అతి ముఖ్యమైన తేడా వేగం కాదు, దారం తెగితే ఏమవుతుంది అన్నది. కేబుల్ రకంలో దారం తెగినా, ముడి జారినా లాంచర్ లేవదు. బాణం గూటి మీదే పడి ఉంటుంది, ఆ రోజు వేట అయిపోయినట్టే. లింబ్ రకంలో దారం తెగితే లాంచర్ పైనే నిలబడిపోతుంది. ఈకలు దానికి తగిలితే తగలొచ్చు, కానీ దగ్గరి దూరానికి బాణం వెళ్తుంది. ఇంకో సంగతి. కొత్త తాళ్లు, కేబుళ్లు వాడుకలో సాగుతాయి. కేబుల్‌కి కట్టిన దారం టైమింగ్ దాంతోపాటే మారిపోతుంది. లింబ్ సాగదు. ఊరికి దూరంగా, షాపుకి రెండు గంటల ప్రయాణం ఉన్న చోట వేటాడే నాలాంటివాళ్లకి ఈ రెండు కారణాలూ చాలు.

లింబ్ రకానికీ ఒక లోటుంది. విల్లు వంచకుండా ఉన్నప్పుడు లాంచర్ కిందనే ఉంటుంది కాబట్టి బాణం గూటి మీద ఆని ఉండి, లాగడం మొదలుపెట్టాక పైకి లేస్తుంది. అక్కడ మెత్తటి ఫెల్ట్ అతికించకపోతే బాణం లోహం మీద రాసుకుంటుంది. పక్కలకి జారిపోకుండా చుట్టూ కంచె ఉన్న మోడల్ తీసుకోకపోతే నా నవంబరు కథే మళ్లీ మొదలవుతుంది.

చప్పుడు గురించి ఇంత ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది, మన బాణం 85. ఇరవై గజాల దూరంలో జింక ఉంటే చప్పుడు దానికి 0.05 సెకన్లలో చేరుతుంది, బాణం 0.21 సెకన్లలో. ఆ మధ్యలో జింకకి 0.16 సెకన్లు దొరుకుతాయి. తెల్లతోక జింక ఉలిక్కిపడితే ముందు గెంతదు, గెంతడానికి కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. ఆ కొద్దిపాటి వంపు చాలు, గుండెకి పెట్టిన గురి వెన్ను మీదకి పోవడానికి. ముప్పై గజాలైతే దానికి దొరికేది 0.24 సెకన్లు. బాణం వదిలిన చప్పుడుని మనం పూర్తిగా ఆపలేం. కానీ లాగేటప్పుడు వచ్చే గీరుడు శబ్దం, లాంచర్ రైజర్‌కి కొట్టుకునే టక్ శబ్దం మన చేతిలో ఉన్నవే. అప్రమత్తంగా లేని జింక వేరు, అప్పటికే చెవులు రిక్కించిన జింక వేరు.

వేటలో ఈకలు తగలడం గురించి రేంజిలో కంటే ఎక్కువ ఎందుకు భయపడాలంటే, కారణం ములికి. సాధన చేసే బాణానికి ఉండేది సూదిమొన. వేట బాణానికి ఉండేది వెడల్పాటి పదునైన రేకుల బ్రాడ్‌హెడ్. ముందున్న ఆ రేకులు కూడా రెక్కల్లాగే గాలిని పట్టుకుంటాయి. బాణం తోక కొంచెం ఊగుతూ బయటపడితే సూదిమొనని వెనక వేన్లు సరిదిద్దేస్తాయి. బ్రాడ్‌హెడ్ అయితే ముందు రేకులు ఒకవైపు, వెనక వేన్లు ఒకవైపు లాగుతాయి. ఆగస్టులో చక్కగా గుంపుగా తగిలిన బాణాలు సీజన్‌లో చెదిరిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. జనం బ్రాడ్‌హెడ్‌ని తిడతారు, తప్పు రెస్ట్ దగ్గరుంటుంది.

తగులుతోందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. పాదాలకి కొట్టుకునే తెల్ల పౌడర్ స్ప్రే ఒక డబ్బా తెచ్చి వేన్ల మీద, రెస్ట్ మీద పల్చగా కొట్టి ఒక బాణం వేయండి. తగిలిన చోట గీత పడుతుంది. మా ఇంట్లో స్ప్రే లేని రోజు మా ఆవిడ లిప్‌స్టిక్ లాంచర్ అంచులకి పూశాను. మూడో బాణానికి కింది వేన్ మీద ఎర్రటి గీత పడింది. అప్పుడు తెలిసింది లాంచర్ కింద పడి, అడుగుకి తగిలి, బంతిలా తిరిగి లేస్తోందని. దించడమే కాదు, దించాక కిందే పట్టి ఉంచడం కూడా రెస్ట్ పనే. కొనేముందు షాపులో ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: లాంచర్ తిరిగి లేవకుండా ఇందులో ఏముంది?

బిగించేటప్పుడు మొదటి కొలత తేలిక. బాణం బర్గర్ హోల్ ఎత్తులో, తాడుకి లంబంగా ఉండాలి. పక్కకి అయితే రైజర్ నుంచి బాణం మధ్యకి చాలా విల్లులకి ఒక అంగుళంలో పదహారో వంతులు పదమూడు, అంటే దాదాపు 20.6 మిల్లీమీటర్లు. మీ విల్లు కంపెనీ ఇచ్చిన కొలత ఉంటే అదే పాటించండి. ఆ తర్వాత ఆరడుగుల దూరం నుంచి చట్రానికి బిగించిన కాగితంలోంచి బాణం వేసి, చిరుగు చూడాలి. చక్కటి కన్నం, దాని చుట్టూ మూడు వేన్ల గీతలు వస్తే సరే. తోక పైకి చిరిగితే రెస్ట్ కొంచెం పైకి జరపాలి, జరిపేది వెంట్రుకవాసి మాత్రమే. ఈ సూక్ష్మమైన జరుపుడు మరతోనే చేసే రెస్టులు కొంచెం ఎక్కువ ధర పలుకుతాయి. వేళ్లతో తోసి స్క్రూ బిగించే రెస్ట్‌తో నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను కాబట్టి ఆ డబ్బు దండగ అనను. కొత్త విల్లుల్లో చాలావాటికి రైజర్ వెనక గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడిలో కూర్చునే రకం రెస్ట్ ఒక్క బోల్టు మీద వేలాడే రెస్ట్‌లా తిరిగిపోదు. మీ విల్లుకి ఆ గాడి ఉంటే మరో ఆలోచన వద్దు.

ఇక నా అభిప్రాయం అడిగితే, మొదటి రెండు సీజన్లు విస్కర్ బిస్కెట్‌తో వేటాడండి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇరవై ముప్పై గజాల్లోపు నా బాణాల్లో దానికీ ఖరీదైన రెస్టుకీ నాకు తేడా కనబడలేదు. కొత్తవాళ్లు ఆ దూరం దాటి బాణం వేయనేకూడదు. చలి ఎక్కువున్న చోట వేటాడుతుంటే, రేకులు ముడుచుకోని ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్ వాడుతుంటే, చెయ్యి కుదురుకున్నాక లింబ్‌కి కట్టే, చుట్టూ కంచె ఉన్న డ్రాప్ అవేకి మారండి. నూట యాభై డాలర్లు దాటుతుంది. చెట్టు మీద పదే పదే లాగి వదలాల్సి వచ్చే తరహా వేటైతే, లాక్ అయ్యే కేబుల్ రకం మీద మనసు పోవడం న్యాయమే. కాకపోతే దారాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

దాన్ని కనిపెట్టుకోవడానికి నేను చేసే పని ఇది. కేబుల్‌కి గానీ లింబ్‌కి గానీ దారం కట్టిన చోట, క్లాంపుకి అటూ ఇటూ తెల్ల పెయింట్ పెన్నుతో రెండు గీతలు గీస్తాను. చెట్టెక్కాక, విల్లుని తాడు కట్టి పైకి లాక్కున్నాక, బాణం పెట్టేముందు హెడ్‌లైట్ ఎర్రటి వెలుతురులో ఆ రెండు గీతలూ ఉన్నచోటే ఉన్నాయో లేదో చూస్తాను. ఒక్క గీత జరిగినట్టు కనిపించినా ఆ రోజు బాణం వేయను. పోయినేడు అలా రెండు పొద్దుటలు ఊరికే కూర్చుని జింకల్ని చూసి దిగొచ్చాను.